జంపఖానా ఎవరు పరిచారు?

మార్చి 8 దగ్గరపడితే ఒక విడత, క్వీర్ (ట్రాన్స్, లెస్బియన్, గే లాంటి మనుషుల) స్వాభిమాన యాత్ర రోజుల్లో ఇంకో విడత. హైదరాబాదులో స్త్రీవాద, క్వీర్ కార్యకర్తల ఇంటర్వ్యూలు ఇలా వరసపెట్టి వస్తుంటాయి. చాలావాటిలో ఉండేది ఒకటే వరస: చిన్నప్పటి బాధలు, ఇంట్లోంచి వెళ్ళగొట్టిన రాత్రి, తిన్న దెబ్బలు, చివర్న ఒక శాలువా, ఒక మెమెంటో. మధ్యలో ఆ మనిషి ఇరవై, ముప్ఫై ఏళ్ళు చేసిన పని మాత్రం ఎక్కడా కనబడదు. స్టేషన్లో కేసు తీసుకోమంటే ఏం చేశారు, బస్తీలో మొదటి మీటింగు ఎవరింట్లో పెట్టారు, టెంట్ హౌస్ బాకీ ఎవరు తీర్చారు, మాటా మాటా వచ్చి చీలిపోయిన గుంపు మళ్ళీ ఎలా ఒకచోట కూర్చుంది, ఇవేవీ ఉండవు. కొత్తగా సంఘంలోకి వచ్చే అమ్మాయికి అక్కరకొచ్చేవి ఇవే. ఈ పని తెలిసిన మనుషులు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు.

రికార్డు చేద్దామనుకుంటున్నవాళ్ళ కోసం ఈ పోస్టు. మీరు కాలేజీ పిల్లలు కావచ్చు, సంస్థలో పనిచేస్తుండవచ్చు, మీ గురువు కథో మీ అమ్మ కథో దాచుకుందామనుకుంటుండవచ్చు.

హైదరాబాదుకి ఇదేం కొత్త కాదు. 1978లో నల్లకుంట పోలీస్ స్టేషన్లో రమీజాబీ మీద అత్యాచారం జరిగింది, ఆమె భర్త అహ్మద్ హుసేన్‌ని కొట్టి చంపారు, నగరం భగ్గుమంది. ఆ ఏడే పుట్టిన స్త్రీ శక్తి సంఘటన, తర్వాతి ఏళ్ళలో టేప్ రికార్డర్లు పట్టుకుని తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ళ దగ్గరికి వెళ్ళింది. ఆ మాటలే 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’గా అచ్చయ్యాయి. చిట్యాల ఐలమ్మ, మల్లు స్వరాజ్యం, కొండపల్లి కోటేశ్వరమ్మ తమ నోటితో, తమ యాసలో మాట్లాడిన పుస్తకం అది. ఈ పనికి దిగేవాళ్ళు ముందు దాన్ని చదవాలి, చదివేటప్పుడు ఒక్కటి గమనించాలి. అన్నం ఎవరు మోశారు, ఉత్తరం ఎలా దాచారు, పిల్లల్ని ఎవరి దగ్గర వదిలి వెళ్ళారు లాంటి పనుల వివరాల్లోంచే ఆ ఆడవాళ్ళ ధైర్యం, కోపం, కమ్యూనిస్టు పార్టీ మీద ఫిర్యాదు అన్నీ బయటికొస్తాయి. భావాల గురించి విడిగా అడగాల్సిన అవసరం అంతగా రాదు.

పేరు రాసుకునే ముందు

మనిషి పేరు రాసిపెట్టడం ఈ ఊళ్ళో అన్నిసార్లూ మంచికి జరగలేదు. నిజాం పాలనలో 1329 ఫస్లీలో, అంటే 1919లో, హిజ్రాల మీద ఒక చట్టం తెచ్చారు. అనుమానం ఉందంటూ నగరంలోని హిజ్రాల పేర్లు, చిరునామాలు రిజిస్టరుకెక్కించే అధికారం దానితో వచ్చింది. రిజిస్టరుకెక్కిన మనిషి ఆడబట్టలతో, నగలతో వీధిలో కనబడినా, నలుగురిలో ఆడినా పాడినా వారెంటు లేకుండా అరెస్టు చేయొచ్చు. స్వతంత్రం వచ్చింది, ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది, తెలంగాణ వచ్చింది. ఆ చట్టం మాత్రం కాగితాల మీద బతికే ఉంది. ట్రాన్స్ కార్యకర్త వైజయంతి వసంత మొగ్లి పోరాడిన కేసులో తెలంగాణ హైకోర్టు 2023 జులైలో దాన్ని కొట్టేసింది.

కాబట్టి ఒక పెద్ద హిజ్రా ‘పేరెందుకు, ఇల్లెక్కడో ఎందుకు’ అని మిమ్మల్ని అడిగితే ఆ ప్రశ్న వెనక వందేళ్ళ అనుభవం ఉందని గుర్తుంచుకోండి. ఇప్పటి రిజిస్టరు ఎక్కడుందంటే మన దగ్గరే ఉంది. పేరు, ఫోన్ నంబరు, బస్తీ, ‘లెస్బియన్’, ‘ట్రాన్స్‌మన్’ అని గడులు గీసిన గూగుల్ షీటు పదిమంది వాలంటీర్ల ఫోన్లలో తెరుచుకుని ఉంటుంది. ప్రాజెక్టు అయిపోతుంది, వాలంటీర్లు వెళ్ళిపోతారు, షీటు అలాగే ఉంటుంది. దాన్ని అసలు మొదలుపెట్టొద్దు. రికార్డింగులకి ‘ఏ07’ లాంటి గుర్తులు ఇవ్వండి. ఏ గుర్తు ఎవరిదో ఒకే ఒక్క నోటుబుక్కులో చేత్తో రాసి, రికార్డింగులున్న ఇంట్లో కాకుండా వేరే ఇంట్లో బీరువాలో పెట్టండి.

అనుమతి

ఒక్క సంతకంతో అన్నిటికీ ఒప్పుకున్నట్టు రాయించుకునే ఫారాలు వాడొద్దు. పేరు, ముఖం, గొంతు, ఊరు లేదా బస్తీ, సంస్థ పేరు, ఈ ఐదింటికీ ఐదు ప్రశ్నలు విడివిడిగా అడగాలి. ఒక్కోదానికి ‘వేయొచ్చు’, ‘వద్దు’, ‘ఇన్నేళ్ళ తర్వాత వేయొచ్చు’ అని మూడు జవాబులకి చోటుండాలి. పేరు వేయండి గానీ గొంతు వద్దనేవాళ్ళుంటారు, ఎందుకంటే చుట్టాలు గొంతుని ఇట్టే పట్టేస్తారు. ఆరో ప్రశ్న ఒకటుంది, దీన్ని చాలామంది మర్చిపోతారు: ఏ భాషలో? ‘ఇంగ్లీషు పేపర్లో వస్తే ఏం కాదు, తెలుగులో మాత్రం వద్దు’ అనేవాళ్ళు చాలామంది. నగరంలో చీరతో బతుకుతూ, పండక్కి ఊరెళ్ళేటప్పుడు ప్యాంటు చొక్కా వేసుకునే మనిషికి ప్రమాదం ఊళ్ళో వాళ్ళు చదివే భాషలోనే ఉంటుంది.

చదువు రానివాళ్ళ దగ్గర వేలిముద్ర తీసుకుని వదిలేయకండి. ఫారంలోని ఒక్కో ప్రశ్న చదివి వినిపించి, ఆమె చెప్పిన జవాబులు రికార్డింగు మొదట్లోనే పట్టుకోండి. అనుమతి రెండుసార్లు తీసుకోవాలి. మొదటిది మాట్లాడే ముందు. రెండోది రాతప్రతి పూర్తిగా చదివి వినిపించిన తర్వాత, కనీసం రెండు వారాలు ఆలోచించుకోనిచ్చాక. మాట్లాడిన రోజు మనసు ఊపులో ఉంటుంది, ఆ రోజు ‘అన్నీ వేసేయమ్మా’ అన్న మనిషే వారం తర్వాత ‘ఆ మరిది ముచ్చట తీసెయ్’ అంటుంది. తీసేయాలి, ఎందుకని అడగొద్దు. ఒప్పుకున్నాక కూడా వెనక్కి తీసుకోవచ్చని చెప్పండి, దాంతోపాటు ఆ మాట హద్దూ చెప్పండి. ఆన్‌లైన్లో పెట్టింది మనం తీయగలం, ఈలోగా ఎవరైనా దించుకుని ఉంటే అది మన చేతిలో లేదు. అచ్చయిన పుస్తకం వెనక్కి రాదు.

హిజ్రాల గురువు ‘నా చేలాలందరూ మాట్లాడతారు’ అని మాటిచ్చినా ఒక్కో చేలా (శిష్యురాలి) దగ్గర ఏకాంతంగా, విడిగా అడగాలి. అలాగని గురువుకి తెలియకుండా చేలా దగ్గరికి వెళ్తే జమాత్‌లో, అంటే హిజ్రాల సంఘంలో, పంచాయితీ పెట్టి ఆమెకి జుర్మానా వేసే ప్రమాదం ఉంటుంది. ముందు గురువుని కలవాలి, పని ఏంటో చెప్పాలి, ఆ తర్వాత చేలా ‘వద్దు’ అంటే ఆ సంగతి గురువు చెవిన పడకుండా చూడాలి. మహిళా సంఘాల్లో అధ్యక్షురాలికి, సభ్యులకి మధ్య కూడా ఇదే జాగ్రత్త.

ఫోను సంగతి మొదటి రోజే తేల్చుకోండి. ఏ వేళ చేయొచ్చు, ఎత్తకపోతే మెసేజ్ పెట్టొచ్చా, ఇంట్లో వేరేవాళ్ళు ఎత్తితే మనమెవరమని చెప్పాలి? చాలా ఇళ్ళలో ఆడవాళ్ళ ఫోను కొడుకు చేతిలోనో మొగుడి చేతిలోనో ఉంటుంది. ‘మీ లెస్బియన్ గ్రూపు రోజుల గురించి మాట్లాడదాం’ అని వాట్సాప్ పెట్టారంటే, రికార్డింగు మొదలవకముందే ఆమె ఇల్లు రచ్చకెక్కుతుంది.

డబ్బు గురించి మొహమాటపడొద్దు. ఆ రోజు కూలి ఎంత పోతుందో అడిగి అంతా ఇవ్వండి, ఆటో ఖర్చు వేరే. రికార్డింగు మొదలయ్యే ముందే కవరులో పెట్టి చేతికివ్వాలి. అయ్యాక ఇస్తే చెప్పిన కథకి వెలకట్టినట్టుంటుంది, ఇంకా గట్టిగా ఏడిస్తే ఇంకా ఇస్తారేమో అన్న ఆలోచన ఇద్దరి మధ్యా దూరుతుంది. ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళకి ఆదివారం మధ్యాహ్నం కుదురుతుంది. రాత్రిపూట పనిచేసేవాళ్ళని పొద్దున పదింటికి రమ్మనకూడదు.

ఏం అడగాలి

ఈ పనిలో సగం ఇక్కడే ఉంది. ‘మీ జీవితం గురించి చెప్పండి’ అంటే వందసార్లు చెప్పిన కథే వస్తుంది, వాళ్ళకీ అది అలవాటైపోయింది. చేతుల గురించి, వస్తువుల గురించి, డబ్బు గురించి అడగండి.

మొదటి మీటింగు ఎక్కడ పెట్టారు? జంపఖానా ఎవరు తెచ్చారు, ఎవరు పరిచారు, అయిపోయాక ఎవరు దులిపి మడతపెట్టారు? లోపల ఎంతమంది కూర్చున్నారు, గుమ్మం దగ్గరే నిలబడి ఎంతమంది విన్నారు? పిల్లల్ని ఎవరు ఆడించారు? టీ డబ్బులెవరివి? మైకు పర్మిషను ఎవరు తెచ్చారు? చందా పుస్తకం ఎవరి దగ్గరుండేది? ప్రెస్ నోట్ ఎవరు రాసేవాళ్ళు, ఏ భాషలో? రెండో మీటింగుకి ఎవరు రాలేదు?

‘మీ సంఘంలో కులవివక్ష ఉండేదా’ అని సూటిగా అడిగితే ‘మా దగ్గర అట్లాంటిదేం లేదమ్మా’ అంటారు. జంపఖానా పరిచిన చేతులు ఎవరివి, మైకు పట్టుకున్న చేతులు ఎవరివి అని అడిగి రెండు జవాబులూ పక్కపక్కన పెట్టండి. కులం, మతం, ఇంగ్లీషు, పాతబస్తీ–కొత్తనగరం తేడా అన్నీ అక్కడే బయటపడతాయి. దళిత స్త్రీలు, ముస్లిం స్త్రీలు స్త్రీవాద సంఘాలతో వేసుకున్న వాదాలకి, ట్రాన్స్ స్త్రీలు ఇటు స్త్రీవాదులతో అటు గే మగవాళ్ళతో పెట్టుకున్న పేచీలకి మూలాలు ఇలాంటి చిన్న పనుల పంపకంలో కనబడతాయి. ఈ వాదాల్ని కథలోంచి తీసేసి అందరూ చేయీ చేయీ కలిపి నడిచినట్టు రాస్తే, రేపు అదే పేచీ వచ్చినప్పుడు కొత్తవాళ్ళు తమ ఒక్కరికే ఇలా జరిగిందనుకుని సంఘం వదిలిపోతారు.

రెండో పద్ధతి, ఒక్క కేసుని మొదటి ఫోను దగ్గర్నుంచి చివరిదాకా నడిపించమనడం. ‘రాత్రి పదకొండింటికి ఒకామెని ఇంట్లోంచి గెంటేశారని ఫోనొచ్చింది. ఆ తర్వాత ఏం చేస్తారో ఒక్కోటీ చెప్పండి.’ ఎవరు బయల్దేరతారు, ఒక్కరే వెళ్తారా ఇద్దరా, ఆ రాత్రి ఆమెని ఎక్కడ పడుకోబెడతారు, ఒంటిమీది దెబ్బలకి ముందు ఆస్పత్రా ముందు స్టేషనా, ‘మా పరిధి కాదు’ అని పంపేస్తే ఏమంటారు. పరిధి ఏదైనా ఫిర్యాదు తీసుకుని జీరో ఎఫ్‌ఐఆర్ కట్టాలన్నది, ఎఫ్‌ఐఆర్ కాపీ ఫిర్యాదుదారుకి ఉచితంగా ఇవ్వాలన్నది ఇప్పుడు చట్టంలోనే ఉంది. కాపీ చేతికి రాకుండా స్టేషన్ గడప దిగకూడదన్న సంగతి మాత్రం బస్తీ సంఘాల ఆడవాళ్ళు ఏళ్ళ తరబడి తిరిగి నేర్చుకున్నదే. ట్రాన్స్ సంఘాల వాళ్ళని అడగాల్సినవి వేరే: ఆస్పత్రిలో ఏ వార్డులో చేర్చుకున్నారు, దానికి ఎవరితో మాట్లాడారు, ఇల్లు అద్దెకి ఎవరి పేరు మీద తీసుకున్నారు, అరెస్టయితే జామీను ఎవరిచ్చారు.

ధర్నా గురించి అడిగితే నినాదాలతో ఆగొద్దు. ఇందిరా పార్కు దగ్గరి ధర్నా చౌక్‌లో కూర్చోవాలంటే పోలీసులకి పెట్టే దరఖాస్తు ఎవరి పేరు మీద వెళ్ళింది, ఎన్ని గంటలకి ఎంతమందికి అనుమతి వచ్చింది? 2017లో ప్రభుత్వం అక్కడ ధర్నాలు ఆపేసినప్పుడు ఎక్కడికి మారారు? ‘ముట్టింది’ అని స్టాంపు వేసిన దరఖాస్తు నకలు ఎవరింట్లోనైనా ఫైల్లో ఉంటే, ఒక చిన్న కాగితం మీద తేదీ, చోటు, సంఘం పేరు, బాధ్యుల పేర్లు అన్నీ దొరికినట్టే.

గాయం గురించి మీరుగా అడగొద్దు. అత్యాచారం, కొట్టిన రాత్రి, నిర్వాణం (హిజ్రాలు లింగం తీయించుకోవడం), ఒంట్లో ఎక్కడ ఏముందన్నవి ప్రశ్నలు కావు. వాళ్ళంతట వాళ్ళు ఎత్తితే ఆపొద్దు, తవ్వొద్దు. ఆపేయమని చెప్పడానికి ఒక సైగ ముందే అనుకోండి. మరునాడు ఒకసారి ఫోన్ చేసి ఎలా ఉన్నారో కనుక్కోండి. సహాయం అవసరమైతే ఎవరి దగ్గరికి పంపాలో ముందే మాట్లాడి పెట్టుకోండి. 181 మహిళా హెల్ప్‌లైన్ ఉంది గానీ, ట్రాన్స్ మనుషుల్ని మర్యాదగా చూసే కౌన్సెలర్ ఎవరో రికార్డింగుకి ముందే తెలిసుండాలి. ఒక విడత రికార్డింగు గంటన్నర దాటొద్దు. ఇద్దరికీ ఓపిక అయిపోతుంది, తర్వాత చెప్పేదంతా పైపైన ఉంటుంది.

‘ఏది కుదరలేదు’ అన్న ప్రశ్న రెండో రోజుకి ఉంచుకోండి. మొదటి రోజు గెలుపులు వస్తాయి.

తేదీలు

నోటి కథల్లో సంవత్సరం దొరకదు. ‘ఎన్టీఆర్ వచ్చిన కొత్తల’, ‘బాబ్రీ గడబిడప్పుడు’, ‘గోకుల్ చాట్‌ల బాంబు పేలిన ఏడు’, ‘నోట్లు బందైనంక’ అంటారు. అవి 1983, 1992, 2007, 2016. దాన్ని అలాగే రాసి, పక్కన ఏడాది వేయండి. పాతబస్తీలో రంజాన్ బాగా పనికొస్తుంది. ఏటా దాదాపు పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది కనక, ‘రోజాలు మే ఎండల్ల పడ్డయి’ అన్నారంటే అది 80ల రెండో సగమన్నా కావాలి, 2017 నుంచి 2021 లోపన్నా కావాలి. మధ్యలో కుదరదు.

కరపత్రాల తిప్పలు వేరు. తేదీ, వారం వేస్తారు, సంవత్సరం వేయరు, ఎందుకంటే పంచేది ఆ వారమే. పసుపుబారిన ఒక కరపత్రం మీద ‘మార్చి 8, ఆదివారం ఉదయం 10 గంటలకు ఊరేగింపు’ అని ఉందనుకోండి. అది ఎనభైల నాటిదని తెలుసు, ఏ ఏడో తెలియదు. క్యాలెండరు చూస్తే ఆ దశాబ్దంలో మార్చి 8 ఆదివారం పడింది రెండేసార్లు, 1981లో, 1987లో. ఇక లోపలి మాటలు చదవాలి. అందులో 498ఏ సెక్షన్ (భార్యని భర్త, అత్తింటివాళ్ళు హింసించడం మీదిది) ప్రస్తావన ఉంటే అది 1987దే, ఆ సెక్షన్ చట్టంలోకి వచ్చింది 1983లో కాబట్టి. కింద చిన్నక్షరాల్లో ఉండే ప్రెస్సు పేరు, ఫోన్ నంబరులో అంకెల సంఖ్య కూడా చూడండి, పాత నంబర్లకి అంకెలు తక్కువ. ఇలా పట్టుకున్న సంవత్సరాన్ని ఎలా పట్టుకున్నారో కూడా రాసిపెట్టండి, తర్వాతవాళ్ళు సరిచూసుకోవడానికి.

కాగితాలు వెతకడానికి చోట్లున్నాయి. స్త్రీల సంస్థలు అన్వేషి 1985 నుంచి, అస్మిత 1991 నుంచి, భూమిక పత్రిక 1993 నుంచి, పాతబస్తీలో షాహీన్ 2002 నుంచి ఈ ఊళ్ళో పనిచేస్తూ వచ్చినవి. బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం గ్రంథాలయం ఉంది. క్వీర్ సంఘాల కాగితాలు ఇంకా ఇలా ఒకచోట చేరలేదు. 2013 ఫిబ్రవరిలో నగరంలో జరిగిన మొదటి ప్రైడ్ నడక పోస్టర్లు, ఆ రోజుల ఈమెయిల్ గ్రూపులు, ఫేస్‌బుక్ ఈవెంట్లు ఎవరెవరి పాత అకౌంట్లలోనో ఉన్నాయి. పాస్‌వర్డు మర్చిపోతే అంతే. కార్యకర్తల దగ్గర కూర్చున్నప్పుడే ఆ పాత మెయిలు తెరిపించి, కావాల్సినవి దించుకోండి.

గొంతు సరిగ్గా రావాలంటే

స్టూడియో అక్కర్లేదు, ఫోను చాలు. కానీ ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, కాల్ వస్తే కొన్ని ఫోన్లలో రికార్డింగు చెప్పకుండా ఆగిపోతుంది. వేవ్ ఫార్మాట్‌లో, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, మోనోలో పెట్టుకోండి; గంటకి సుమారు 520 ఎంబీ అవుతుంది. ఇరవై మంది, తలా మూడు గంటలు అనుకున్నా మొత్తం 31 జీబీ. వాట్సాప్‌లో ఆడియోగా పంపితే కుదించి పాడుచేయొచ్చు, ఎప్పుడూ పంపొద్దు. కేబుల్ పెట్టి కంప్యూటర్లోకి ఎక్కించండి.

కాలర్ మైకు గడ్డానికి జానెడు కింద ఉండాలి. కొంగుకి పెడితే పట్టుచీర బరబరలు, చున్నీకి పెడితే జారిపోవడం. జాకెట్ అంచుకో కుర్తా మెడకో పెట్టి, తీగని లోపలి నుంచి తీసి ఒక ముడి వేయండి. గాజులు తీయమనొద్దు, చేతులు ఒళ్ళో ఉంచుకునేలా ఒక దిండు ఇవ్వండి. కుక్కర్, కూలర్, సీలింగ్ ఫ్యాను, బోరు మోటారు, ఈ నాలుగూ ఎప్పుడు నడుస్తాయో ముందే అడగండి. ఎండాకాలం ఫ్యాను ఆపితే మనిషి నిలవలేరు. తక్కువ స్పీడులో పెట్టి, మైకు దాని కిందికి రాకుండా జరపండి. రేకుల ఇంట్లో వాన పడితే ఆ రోజుకి మానేయడమే. గోడలు బోసిగా ఉండి గొంతు మోగుతుంటే బొంతలు, దుప్పట్లు వేలాడదీయండి. లెవెల్ అతిగట్టి మాటకి కూడా మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా పెట్టుకోండి, ఎందుకంటే చప్పట్లు కొట్టినా పకపకా నవ్వినా ఒక్కసారిగా పైకి ఎగురుతుంది. చెవిలో ఇయర్‌ఫోన్ ఉంచుకుని వినండి. మొదలయ్యాక రెండు నిమిషాలు రికార్డు చేసి, ఆపి, వినిపించుకుని, మళ్ళీ మొదలుపెట్టండి. గది నిశ్శబ్దం అరనిమిషం పట్టుకుంటే ఎడిటింగులో అతుకులు కనబడవు.

రాతప్రతి

గంట రికార్డింగు రాయడానికి ఒక పూర్తి పనిదినం పడుతుంది. తెలుగు, దక్కనీ ఉర్దూ ఒకే వాక్యంలో కలిసిపోతే ఇంకా ఎక్కువ. ‘గప్పుడు నేను హౌ అన్న, ఆమె నక్కో అన్నది’ అని ఉంటే అలాగే రాయండి. ‘అప్పుడు నేను సరే అన్నాను, ఆమె వద్దంది’ అని దిద్దితే మనిషే మారిపోతుంది. ఉచిత ఆటోమేటిక్ టూల్స్ తెలంగాణ మాటని పుస్తకాల తెలుగులోకి లాగేస్తాయి. అంతకన్నా పెద్ద చిక్కు, మీరు ఎక్కించిన ఫైలు వాళ్ళ సర్వరుకి వెళ్తుంది. మూసి ఉంచమన్న రికార్డింగుల్ని వాటిలో పెట్టకూడదు.

మన క్రియలకి లింగం ఉంది, అక్కడే రాసేవాళ్ళు తడబడతారు. ట్రాన్స్ స్త్రీ చిన్నప్పటి సంగతి చెబుతూ ‘నేను పిల్లోణ్ణి’ అని, అదే ఊపిరిలో ‘నేను అప్పటికే ఆడదాన్ని’ అని అంటుంది. రెండూ ఉంచాలి. మీ మాటల్లో రాసే పరిచయంలో మాత్రం చిన్నప్పటి సంగతికైనా ‘వచ్చింది’ అనో ‘వచ్చారు’ అనో ఆమెని అడిగి వాడండి. ఆమె వదిలేసిన పాత పేరు పేపర్ కటింగులో కనబడ్డా వేయొద్దు. జమాత్ లోపలివాళ్ళే వాడుకునే గుప్తభాష మాటలు వస్తే, వాటికి అర్థాలు రాసి బయటపెట్టకండి. అవి వాళ్ళకి రక్షణ.

వేరేవాళ్ళ రహస్యాలు

కార్యకర్త కథలో కార్యకర్త ఒక్కరే ఉండరు. ఆమె పరిష్కరించిన కేసులన్నీ ఇంకొకరి జీవితాలు, వాళ్ళు మీకు అనుమతి ఇవ్వలేదు. ఇక్కడ చట్టం కూడా ఉంది. అత్యాచార బాధితురాలి గుర్తింపు బయటపెట్టడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం. పిల్లల సంగతైతే పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాల చట్టం) 23వ సెక్షన్. ఒకరికి హెచ్‌ఐవీ ఉందని వాళ్ళ సమ్మతి లేకుండా చెప్పడం 2017 నాటి చట్టం కింద కుదరదు. హెచ్‌ఐవీ కార్యక్రమాల్లో పనిచేసిన పాత కార్యకర్తలు చనిపోయిన స్నేహితుల పేర్లు ప్రేమగా తలుచుకుంటారు. ఆ పేర్లు బయటి ప్రతిలోకి రాకూడదు, వాళ్ళ తోబుట్టువులు ఇంకా అదే గల్లీలో ఉంటారు.

పేరు మార్చి ఊరుకుంటే సరిపోదు. ‘మలక్‌పేటలో మిషను కుట్టే ముగ్గురు పిల్లల తల్లి’ అంటే ఆ గల్లీ మొత్తానికి ఎవరో తెలిసిపోతుంది. బస్తీ, పని, పిల్లల లెక్క, ఈ మూడింట్లో కనీసం రెండు తీసేయండి. తీసేసినచోట ఏదో ఒకటి కల్పించి పూరించకుండా ‘వివరం తీసేశాం’ అని రాయండి. కల్పన ఒకసారి దూరితే మొత్తం రికార్డు మీద నమ్మకం పోతుంది. ఫలానా ఎస్సై కొట్టాడు, ఫలానా నాయకుడు డబ్బు తిన్నాడు అన్నచోట కాగితం ఆధారం ఉంటే తప్ప బయటి ప్రతిలో పేరు వద్దు, పరువునష్టం కేసు మాట్లాడిన మనిషి మీదా పడొచ్చు, బయటపెట్టిన మీ మీదా పడొచ్చు. మూల రికార్డింగులో మాత్రం ఒక్క మాట కూడా కత్తిరించొద్దు. మూలం వేరు, బయటి ప్రతి వేరు, రెండూ రెండు ఫైళ్ళు.

బయటపెట్టేటప్పుడు

గొంతు మార్చామని పిచ్ కాస్త పైకో కిందికో జరిపి వదులుతుంటారు. అదే సాఫ్ట్‌వేర్‌తో దాన్ని వెనక్కి తెచ్చుకోవచ్చు. గొంతు దాచాలంటే రాతప్రతిని ఇంకొకరితో, అదే యాస ఉన్నవాళ్ళతో చదివించడమే మార్గం. ముఖానికి పల్చటి బ్లర్ చాలదు. నిండుగా కప్పండి, లేదా చేతుల్ని మాత్రమే తీయండి. చేతి మీద పచ్చబొట్టు ఉంటే అదీ చూసుకోండి. ఫొటోలో వెనక ఇంటి నంబరు, బండి నంబరు ప్లేటు, పిల్లల స్కూలు టై, గోడ మీద రేషన్ షాపు పేరు ఉన్నాయేమో వెతకండి. ఫోను తీసిన ఫొటో ఫైల్లో ఎక్కడ తీశారో కూడా దాగి ఉంటుంది, దాన్ని తీసేసి పెట్టండి.

ట్రాన్స్ మనుషులు తమ గురించి తామే మాట్లాడితే ఎలా ఉంటుందో రచన ముద్రబోయిన వాళ్ళు 2017లో మొదలుపెట్టిన ట్రాన్స్‌విజన్ యూట్యూబ్ ఛానెల్ చూపించింది. తెలుగు, ఉర్దూ, కన్నడ భాషల్లో చేశారు. కెమెరా వెనక ఎవరున్నారన్నది ప్రశ్నల్ని మార్చేస్తుంది. మీ బృందంలో ఆ సమూహం మనిషి ఒక్కరైనా లేకపోతే, పనికి డబ్బిచ్చి చేర్చుకున్నాకే మొదలుపెట్టండి.

వీడియో కింద కామెంట్లు మూసేయండి. వాటిని రోజూ చదివి తుడిచే ఓపిక ఎవరికీ ఉండదు, మాట్లాడిన మనిషి మాత్రం ఒక్కోటీ చదువుతుంది.

దాచడం

మూడు ప్రతులు, కనీసం రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే ఇంట్లో. పెన్‌డ్రైవ్ ఇచ్చిపుచ్చుకోవడానికే గానీ దాచడానికి పనికిరాదు. హార్డ్‌డిస్కులు ఏడాదికోసారి తీసి, నడిపి, నాలుగైదు ఫైళ్ళు తెరిచి చూడాలి. మూసి ఉంచమన్నవాటిని వెరాక్రిప్ట్ లాంటి సాఫ్ట్‌వేర్‌తో తాళం వేయండి, తాళం మాట ఇద్దరికి తెలిసుండాలి. ఒక్కరికే తెలిస్తే ఆ ఒక్కరితోనే అంతా పోతుంది. పెద్ద భాండాగారానికి ఇవ్వాలనుకుంటే స్త్రీల మౌఖిక చరిత్రకి ముంబయిలో 1988 నుంచి స్పారో ఉంది, క్వీర్ సామగ్రికి బెంగళూరులో నేషనల్ లా స్కూల్ దగ్గర కమ్రా ఉంది. ఇచ్చేముందు ఎవరెవరు వినొచ్చు, ఎన్నేళ్ళు మూసి ఉంచాలి అన్నవి రాతలో ఉండాలి. మాట్లాడిన మనిషికి పెన్‌డ్రైవ్‌తోపాటు పెద్ద అక్షరాల్లో అచ్చుతీసిన ప్రతి ఇవ్వండి. ఇంట్లో పెట్టుకోవడం ప్రమాదమంటే వాళ్ళు చెప్పినచోట పెట్టండి.

ఫారంలో ఇంకో గడి గీయండి: ఈ మనిషి పోయాక రికార్డింగు మీద మాట ఎవరిది? ట్రాన్స్ మనిషి చనిపోతే, ఏళ్ళ తరబడి గడప తొక్కనివ్వని పుట్టింటివాళ్ళు వచ్చి పాత పేరుతో, మగబట్టలు వేసి దినాలు చేస్తారు. రేపు వాళ్ళే మీ దగ్గరికొచ్చి, వారసులం మేమే, వీడియో తీసేయండి అనొచ్చు. పెళ్ళి కాకుండా కలిసి బతికిన ఇద్దరాడవాళ్ళలో ఒకరు పోయినా ఇదే జరుగుతుంది. చేలా పేరో, స్నేహితురాలి పేరో, కలిసి బతికిన మనిషి పేరో ముందే రాయించుకుని, రికార్డింగులో వాళ్ళ నోటితో కూడా చెప్పించుకోండి. ఆ రోజు చూపించడానికి ఆధారం ఉంటుంది. ఇద్దరి పేర్లు తీసుకోండి, రెండో పేరు మొదటివాళ్ళకన్నా వయసులో చిన్నవాళ్ళది ఉండేలా చూడండి.